మీట నొక్కితే పట్టాలి

ట్రెయిలర్ బ్రేకు మూలుగుతోంది, మూలుగుతోంది అని నాకు చెప్పకు, హార్లన్. మూలిగేదల్లా పనిచేస్తున్నట్టేనా? మీ అన్న పొద్దున లేచింది మొదలు మూలుగుతూనే ఉంటాడు.

కరెంటు వెళ్తుంది, చక్రంలో అయస్కాంతం అంటుకుంటుంది, బ్రేకు షూ వెళ్ళి చక్రం లోపలి డ్రమ్ముకి నొక్కుకుంటుంది. పాఠం బానే చెప్పావు. దిక్సూచి కూడా పట్టుకొచ్చావు. చక్రం పక్కన పెడితే ముల్లు తిరిగింది, చూశాను. కరెంటు వస్తోంది, ఒప్పుకున్నాను. అంతమాత్రాన ట్రెయిలర్ ఆగుతుందని ఎవరన్నారు?

నిన్న కనుమ దిగింది నేను. నువ్వు కాదు.

రెండో వంపులో బ్రేకు తొక్కాను. ట్రక్కు ఆగుదామనుకుంది. వెనక రెండు గుర్రాలతో ఉన్న ట్రెయిలర్ అనుకోలేదు. తోసింది. ఎవరో వీపు మీద చెయ్యేసి తోసినట్టు. పక్కన డార్సీ పాట పాడుతోంది. ఆపేసింది. 'అమ్మా' అని కూడా అనలేదు.

సరే. వదిలెయ్.

ఎక్కు. తలుపు గట్టిగా వెయ్యి.

రేపు పొద్దున్నే నా కూతురు ఇదే ట్రెయిలర్‌తో, ఒక్కతే, టెన్ స్లీప్‌లో గుర్రాల పోటీకి, ఆ రోడియోకి బయల్దేరుతుంది. కనుమ ఎక్కి, అవతలి వైపు దిగాలి. అటు ఇంకా నిటారు. 'బాబాయ్ చూశాడుగా, బ్రేకులు బాగానే ఉంటాయిలే' అంటోంది. నువ్వు దానికి దేవుడివి. నాకు మామూలు మనిషివి. అందుకే ఈ పరీక్ష.

గుర్రాల్ని ఎందుకెక్కించానా? ఖాళీది ఎలాగైనా ఆగుతుంది. బరువున్నప్పుడు కదా ఆగాల్సింది.

చూడు, కంకర రోడ్డు. నెమ్మదిగానే పోతున్నా. నా కాలు బ్రేకు మీద లేదు. ఇప్పుడు చేత్తో ట్రెయిలర్ బ్రేకు మీట ఒక్కటే నొక్కుతున్నా. వెనకున్నది మనల్ని పట్టి ఆపాలి.

పట్టిందా?

ఆ, పట్టింది. చర్చిలో పక్కవాళ్ళు మెత్తగా చెయ్యి పట్టుకున్నట్టు.

బలం పెంచాలా? పెంచు. ఆ బొత్తాం నువ్వే తిప్పు, రేపు నా మీద పెట్టకుండా.

మళ్ళీ నొక్కుతున్నా. ఊఁ. ఈసారి పట్టింది. నవ్వకు. పట్టింది సరే, వెనక భాగం పక్కకెందుకు ఈడ్చింది?

దిగు. దిగి నేల చూడు. ఎడమవైపు కంకరలో చాలు తీసినట్టు గీత. అది చక్రం పట్టిన గుర్తు. కుడివైపు? టైరు అచ్చు ముగ్గు వేసినట్టుంది. ఎక్కడా చెదరలేదు. ఇదంతా ఏం పట్టనట్టు దొర్లుకుంటూ వచ్చేసింది.

మూలగడం మాత్రం రెండువైపులా మూలిగింది కదూ?

నా అనుమానమేంటో చెప్పనా? చలి తగ్గాక చక్రాల పనంతా చేశానన్నావే, చెయ్యలేదని. విప్పే ఓపిక లేక, చేశానని చెప్పి బార్‌లో కూర్చున్నావని. నిన్నటి నుంచీ అదే నమిలాను. అన్నం ముందు కూర్చుని కూడా అదే నమిలాను.

ఉలిక్కిపడకు. గుర్రాల్ని దించుతాను. నువ్వు కుడి చక్రం కింద జాకీ పెట్టు. విప్పు. నేను చూస్తూ ఉంటా.

అదేంటది?

చెయ్యి తియ్యి, చూడనీ. నల్లగా, బెల్లంపాకంలా. షూ నిండా గ్రీజే.

ఎంత కొట్టావు? గ్రీజుని ఆపే లోపలి సీలు తోసుకుని ఇక్కడిదాకా కారిందంటే ఎంత కొట్టి ఉండాలి?

చేశావన్నమాట. నేనే చెయ్యలేదనుకున్నాను. నీ జబ్బే ఇది. గేటు కీలు, నీళ్ళ పంపు, ఆఖరికి మా అమ్మ చక్రాల కుర్చీ. గ్రీజు పట్టే సందు కనిపిస్తే చాలు నీకు. 'డార్సీ తోలే బండి, ఇంకో నాలుగు పంపులు పడనీ' అనుకున్నావు. కాదా?

మాట్లాడకు. మొహం చూస్తే తెలుస్తోంది.

పని ఎగ్గొట్టిన మరిదినైతే హాయిగా తిట్టుకునేదాన్ని. ఇప్పుడు నిన్నేం చెయ్యను?

తుడవకు, దండగ. గ్రీజు తాగిన షూ మళ్ళీ పట్టదు. నీకూ తెలుసు. కొత్తవి కావాలి. ఇవాళ్టికి కొట్లు కట్టేశారు, రేపు జూలై నాలుగు, దేశమంతా పండగ, అన్నీ మూత. ఎవరినైనా అడుగుదామా? ఈ లోయలో ఇవాళ ఖాళీగా ఉన్న ట్రెయిలర్ ఒక్కటి చూపించు. అందరూ రోడియోకే కదా.

అంటే రేపు ప్రయాణం లేదు.

అదుగో, డార్సీ కొట్టం దగ్గర్నుంచి వస్తోంది. జీను భుజానేసుకుని. ఆ బూట్లు కూడా తోమినట్టుంది.

నువ్వే చెప్పు, హార్లన్. గ్రీజు సంగతి చెప్తావో, సీలు పాతదైపోయిందంటావో, నీ ఇష్టం. నేను కాదనను. నా చేత మాత్రం చెప్పించకు.

నేను చెబితే, ప్రయాణం ఆగిందన్న సంతోషం నా మొహంలో దానికి కనిపించేస్తుంది.