రాగి రంగు పిల్ల

గుర్రాల్లా స్వారీకీ బండికీ వాడే జవికల కొట్టంలో, అప్పుడే ఈనిన తల్లి జవిక పక్కన, మామా కోడలూ.

“తలుపు ఇంకాస్త తెరువు. వెలుతురు పడనీ.”

“పిల్ల ఇంకా తడిగా ఉంది మావయ్యా. గాలి కొడుతుంది.”

“తెరువమ్మా.”

“తడి మీద ఏ రంగైనా అలాగే కనిపిస్తుంది.”

“రంగు గురించి నేనింకా ఏమీ అనలేదే.”

“అంటారని.”

“అంటాను. అది రాగి.”

“పుట్టువెంట్రుక కదా. రాలిపోయాక బూడిద రంగు తేలుతుంది. తల్లీ బూడిదే, తండ్రీ బూడిదే.”

“బూడిదకి తిరిగే పిల్ల నల్లగా పుడుతుంది. ఈ కొట్టంలో ఇన్ని ఈతలు చూశావు, తెలీదా? గిట్టలు చూడు, పాలరంగు. రాగి జవికకి తప్ప ఇంకోదానికి ఉండవు ఆ గిట్టలు.”

“దీని అమ్మమ్మ రాగిదేనని మీరే చెప్పారు.”

“చెప్పాను. తల్లిలో రాగి ఉంది, బూడిద కింద అణిగి ఉంది. తండ్రి వైపు నుంచి కూడా వస్తేనే పైకి తేలుతుంది. మిల్లాయన పోతు వంశంలో రాగి అన్న మాటే లేదు. దానికి రాగి పిల్ల పడితే, రేపు మన కోళ్ళు కూడా ఈనతాయి.”

“ఏమో, ఎక్కడో వెనక తరంలో...”

“మిల్లాయన దగ్గరికే తోలుకెళ్ళావా దీన్ని?”

“మోకాళ్ళ నొప్పులు, రాలేనన్నారు మీరు. నేనే తోలుకెళ్ళాను.”

“ఎక్కడికి అని అడుగుతున్నాను.”

“ముందు తల్లికి నీళ్ళు పెట్టనివ్వండి.”

“పెట్టు. పెడుతూ చెప్పు.”

“ఏం చెప్పమంటారు?”

“ఈ చుట్టుపక్కల రాగి పోతు ఒక్కటే ఉండేది. నా కొడుకుని కొండ మీంచి పడేసింది. కటికవాడికి అప్పగించి రమ్మన్నాను నిన్ను. అప్పగించానన్నావు. తోలు తెచ్చి చూపించావు.”

“చూపించాను.”

“గడప ముందు పరిచాను ఆ తోలు. రోజూ తొక్కి లోపలికి వస్తున్నాను.”

“తెలుసు మావయ్యా.”

“దేనిదది?”

“కటికతని దగ్గర కొన్నాను. ఏదో ముసలి రాగి జవికది. అప్పటికి మీ కళ్ళు వాచిపోయి ఉన్నాయి, పోల్చుకోలేదు.”

“అంటే ఆ పోతు బతికే ఉంది.”

“మా అక్కావాళ్ళ ఇటుకబట్టీలో బండి లాగుతోంది. దీన్ని అక్కడికే తోలుకెళ్ళాను.”

“నా ఇంట్లో ఉంటూ, నా ఎదురుగా కూర్చుని అన్నం తింటూ...”

“తిట్టండి.”

“తిట్టను. ఆ గోనెసంచి ఇలా ఇవ్వు.”

“ఎందుకు?”

“ఇవ్వు. తల్లి లేచి నాకడం మొదలెడితే ఇక వదలదు. ఆలోపే అయిపోవాలి.”

“అది ఇంకా పాలు కూడా తాగలేదు మావయ్యా.”

“తాగకపోవడమే మంచిది. దీని పని అయ్యాక బట్టీకి వెళ్తాను.”

“ఆ మోకాళ్ళతోనా?”

“పాక్కుంటూ వెళ్తాను. అడ్డం లే.”

“లేవను.”

“నీకు మనసెలా ఒప్పిందమ్మా? నీ మొగుణ్ణి పడేసినదాన్ని దాచి మేపావు. పైగా దాని వంశం నిలబెడుతున్నావు.”

“ఆయన చేత్తో పాలు పట్టి పెంచిన జవిక అది. ఆయన పెంచినదాని కడుపున పుట్టింది ఒక్కటైనా ఈ కొట్టంలో తిరగాలనిపించింది.”

“చేత్తో పెంచిందనే కదా నా మంట. పోయేముందు నెలంతా వాడు సరిగ్గా అన్నం ముట్టలేదు, నాతో మాట్లాడలేదు. ఒంట్లో సత్తువ లేదు వాడికి. అది కనిపెట్టి విసిరేసింది.”

“దాని తప్పు లేదు.”

“మరెవరిది? నాదా?”

“ఆ మాట నేననలేదు. ఎప్పటికీ అనను.”

“నీ మనసులో ఏదో ఉంది.”

“ఈ పిల్లని వదిలేయండి. దాని తండ్రినీ వదిలేయండి. ఇంకేమీ అడగొద్దు.”

“అడగను. సంచి ఇవ్వు.”

“మావయ్యా.”

“సంచి.”

“ఆ రోజు కొండ మీదికి అందరికంటే ముందు వెళ్ళింది నేను.”

“తెలుసు. పోతు పారిపోయి పొదల్లో దొరికిందన్నావు.”

“అన్నాను. మీకు కోపగించుకోవడానికి ఏదో ఒకటి మిగలాలని అలా అన్నాను.”

“మరి ఎక్కడ దొరికింది?”

“అంచుకి దూరంగా, నీడలో. చెట్టుకి కట్టేసి ఉంది. జీను విప్పి పక్కన పెట్టి ఉంది. దాని ముందు గడ్డి కూడా వేసి వెళ్ళారు మీ అబ్బాయి.”