వెయిటింగ్ పాట

"ఇదా నువ్వు చేసింది? దీనికి ఆర్నెల్లు పట్టిందా?"

"మీరు రాసింది ఒక్కటే ఫైలు సార్. ముప్పై వేల లైన్లు. ఏది లాగితే ఏది ఊడుతుందో తెలీక..."

"తెలీకపోతే అడగాలి. నోరు లేదా?"

"అడిగాను సార్. చదువుకో అన్నారు."

దివిసీమ ఊళ్ల వాళ్లను ఇంటర్నెట్ ఫోనులో డాక్టరుతో కలిపే ఆఫీసు అది, మచిలీపట్నంలో. పాత సాఫ్ట్‌వేర్ రాసింది యలమంద. దాన్ని విడివిడి భాగాలుగా తిరగరాసింది దీవెన. ఈ సాయంత్రంలోగా ఆయన ఒప్పుకోకపోతే ఆమె పని మూలన పడుతుంది.

"ఎన్ని ముక్కలు చేశావు?"

"ఏడండీ. కాల్ కలపడం ఒకటి, మాట మోసుకెళ్లడం ఒకటి, డాక్టర్ల జాబితా ఒకటి, ఇలా. ఏది పాడైతే దాన్నే తీసి బాగుచేసుకోవచ్చు. మిగతావి నడుస్తూనే ఉంటాయి."

"అబ్బో, గొప్ప కొత్త సంగతి కనిపెట్టావు! మా నాన్న పెడనలో కలంకారీ అద్దేవాడు. నలుపుకో అచ్చు, ఎరుపుకో అచ్చు. ఎరుపు అచ్చు పగిలితే అదొక్కటే మళ్లీ చెక్కించేవాడు. ఆయన చదివింది ఐదో తరగతి."

"మరి మీరు అంతా ఒకే అచ్చులో ఎందుకు చెక్కారు?"

"ఏంటీ?"

"ఏం లేదండీ."

"అన్నావుగా. నా పొగరు. నేను తప్ప ఎవడూ దాని మీద చెయ్యి వెయ్యకూడదని."

"అయితే ఓకే చేస్తారా సార్? రేపే నాగాయలంక లైన్లు దీని మీదికి మార్చేస్తాను."

"ఆగు. కాల్ కలిపే ముక్క తెరువు. ఇదేంటి ఇందులో?"

"ఏది సార్?"

"కళ్లు కనపడవా? డాక్టరు ఎత్తేదాకా వినిపించే పాట. ఇక్కడే వదిలేశావే?"

"అదా... పది లైన్లే కదా సార్. దానికో ముక్క ఎందుకులే అని..."

"ఎందుకులే అని!"

"పాటే కదండీ."

"విడదియ్. అప్పటిదాకా ఓకే చెయ్యను."

"మళ్లీ పరీక్షలన్నీ చెయ్యాలంటే వారం పడుతుంది సార్! ఇవాళే ఆఖరన్నారు మేనేజరు నాగేంద్రబాబు గారు. మీరు రాసింది తీసేస్తున్నానని కోపం. అంతేగా? ఆ మాటే చెప్పండి."

"కోపమే."

"చూశారా!"

"కూర్చో. కిందటేడు ఆ పాట నాకు నచ్చలేదు. భోంచేసి వచ్చి మార్చాను. పదే లైన్లు. పాట బ్రహ్మాండంగా మోగింది. డాక్టరుకి కాల్ వెళ్లడం ఆగిపోయింది. నలభై నిమిషాలు."

"ఒక్క కంప్లైంటు కూడా లేదే సార్? రికార్డులన్నీ చూశాను."

"కంప్లైంటు ఇవ్వడానికి మనిషి మిగలాలిగా. మా ఆవిడ, నాగాయలంకలో పుట్టింట్లో గుండె పట్టుకుని డాక్టరు కోసం పదకొండుసార్లు ఫోన్ చేసింది. పదకొండుసార్లూ నేను పెట్టిన పాటే వింది."