మీ పేజీలో రాని తీర్పు

హెడ్మాస్టరుగారికి, టీచర్లకు, పిల్లలకు, లెక్కల మేడమ్ ప్రసన్నకుమారిగారి తమ్ముడు జీవరాజుగారికి నమస్కారం. మేడమ్ పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. నన్ను మీలో చాలామంది గుర్తుపట్టరు. నా పేరు శ్యాంబాబు. నిడదవోలులో పత్రికా విలేకరిని. మేడమ్ బీఈడీ సర్టిఫికెట్ నకిలీదని హైకోర్టు తేల్చినట్టు నాలుగేళ్ల కిందట రాసింది నేనే.

కోర్టు అలా తేల్చలేదండి. సర్టిఫికెట్ మీద శాఖ చేస్తున్న విచారణ ఆపమని ఆవిడ అడిగితే, ఆపబోమంది. అంతే. ఫిర్యాదు చేసినవాళ్ల లాయరు ఫోన్లో చెప్పింది విని, కాగితం చూడకుండా పంపేశాను.

వార్త పడిన మూడో రోజున ఆవిడ నేను కూర్చునే జిరాక్స్ షాపుకి వచ్చారు. కోర్టు ఉత్తర్వు, పదకొండు పేజీల కాపీ, నా ముందు పెట్టారు. "నా పేరు మాత్రం తప్పుల్లేకుండా వేశారండి, సంతోషం. ఇందులో నకిలీ అన్న మాట ఎక్కడుందో చూపించండి, కూర్చుంటాను" అన్నారు. పేజీలన్నీ తిప్పాను. రెండోసారీ తిప్పాను. ఆవిడ స్టూలు మీద అలాగే ఉన్నారు. ఆ మాట లేదని ఒప్పుకోకుండా, ఆఖరి తీర్పు వచ్చాక సరిచేసి వేస్తానన్నాను. "ఈసారి చదివి రాయండి" అని బస్సుకి వెళ్లిపోయారు.

పిల్లలూ, తప్పు లెక్కని మేడమ్ చెరపనిచ్చేవారా? "ఒక్క గీత కొట్టి పక్కనే సరైనది వెయ్యండి, రెండూ కనపడాలి" అనేవారట. నేను వేశానా? వేశాననే అనుకున్నాను. రెండేళ్లకు ఆఖరి తీర్పు వచ్చింది. చదివాను. రాశాను. అచ్చయింది కూడా. ఈలోగా జిల్లాలు విడిపోయాయి. మా నిడదవోలు తూర్పుగోదావరిలోకి వెళ్లింది, వార్త ఆ జిల్లా పేజీలో పడింది. ఇక్కడ తణుకు వైపు మీకొచ్చేది పశ్చిమగోదావరి పేజీ. తప్పు మీ ఇళ్లకు వచ్చింది. దిద్దుబాటు రాలేదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. తట్టాల్సింది కాదూ?

మొన్న రూబీ టీచరుగారు చెబితే తెలిసింది. "కేసు ఏదో మేనేజ్ చేసుకుందిలే అనుకున్నామండి" అన్నారు. ఈ నాలుగేళ్లూ మేడమ్ స్టాఫ్ రూములో భోజనం చేయలేదట. పిల్లలు బయటికి వెళ్లాక, ఎనిమిదో తరగతి బెంచీ మీద ఒక్కరే కూర్చుని క్యారేజీ విప్పుకునేవారట. నా రెండో వార్త కటింగ్ ఆవిడ బ్యాగులోనే ఉంది. ఎవరికీ ఎందుకు చూపించలేదు? జీవరాజుగారు అడిగితే, "రాసినాయనే చెప్పాలిరా" అన్నారట.

ఆ తీర్పు తెచ్చాను. ఇంగ్లీషులో ఉంది, పద్నాలుగో పేరా తెలుగులో చెబుతాను. "పిటిషనర్ సర్టిఫికెట్ అసలైనదే. ఆమెపై వచ్చిన ఆరోపణకు ఆధారం లేదు." వెనక వరసలో ఉన్నవారికి వినపడిందా అండి? ఇంకోసారి చదువుతాను. "పిటిషనర్ సర్టిఫికెట్ అసలైనదే. ఆమెపై వచ్చిన ఆరోపణకు ఆధారం లేదు."

ఇక అందరూ దయచేసి లేవండి. ఆ రోజు జిరాక్స్ షాపులో నా జవాబు కోసం ఆవిడ కూర్చున్నంతసేపు నిలబడమని అడగలేను. రెండు నిమిషాలు, ఏమీ మాట్లాడకుండా.