నిమాయిని లేపిన మాట

అప్పన్నసామి దయవల్ల హౌరా దగ్గరి షాలిమార్ గూడ్సు యార్డులో మాటలకి కరువు లేదు. కాసులమ్మ టీకొట్టు బల్లమీద గవరయ్య చేరాడంటే ఆ సామిక్కూడా మధ్యలో మాట కలపడానికి సందు దొరకదు. కానీ ఆ మధ్యాహ్నం ఆయన ఎదురుగా ఉన్న మధుబాబుకి కుదురు లేదు. మేస్త్రీ అయి నాలుగు రోజులే. పొద్దుటినుంచి హారూ అనే పాత బెంగాలీ కలాసీ షెడ్డులో చతికిలబడి లేవనంటున్నాడు. ఆయన్ని చూసి ముఠా అంతా కూర్చుంది. రెండింటిలోగా వ్యాగను ఖాళీ కాకపోతే మేస్త్రీ పని ఇంకొకడికిస్తానని కాంట్రాక్టరు ఫోను మీద ఫోను.

"అరిచేను, బతిమాలేను, టీలు తాగించేను. లెగడు మామా," అన్నాడు ఒక కన్ను షెడ్డు మీదే ఉంచి.

"ఓస్, ఇంతేనా!" గవరయ్య కాళ్ళు బల్లమీదికి మడిచాడు. "నాను మేస్త్రీగా ఉన్నప్పుడు నిమాయి అని ఒక మొండోడుండీవోడు. ఇలాగే కూకుండిపోయేడు. తిట్టనేదు, కొట్టనేదు. ఎదురుగా ఎల్లి ఒక్క మాటన్నాను. బస్తా ఎత్తీసేడు."

"ఏ మాట మామా?"

"ఆగరా అల్లుడా, ఒక్క బస్తాకే ఆగిపోతే అది నా మాటెలాగవుద్ది? మళ్ళీ అన్నాను. చంకకొకటి, నెత్తిన నాలుగు, పళ్ళతో ఒకటి... అరగంటకి వ్యాగను ఖాళీ! ఆ తరవాత ఏటైందో తెలుసా? ఆడ్ని సూసి పక్క ముఠా లెగిసింది, ఆలని సూసి క్రేనోడు, క్రేనోడ్ని సూసి ఇంజను డ్రైవరు, మాట గాలికి ఎగిరి హౌరా ఘాటుకెల్లింది, గంగ మజ్జిలో ఉన్న లాంచీ అలాగే తిరిగి మన యార్డులోకొచ్చి ఆగింది, ఆఫీసు బాబులు బేగులు పక్కనెట్టి బస్తాలెత్తేరు!"

"యార్డులోకెలాగొచ్చింది బావా, లాంచీకి సక్రాలెట్టేవా?" అంది కాసులమ్మ.

"పోటు మీదొచ్చింది! నీరు తీసీ యేళైనా, నా పని అవ్వాలని గంగ గంటసేపు అలాగే నిలబడిపోయింది. అప్పన్నసామి తోడు!"

మధుబాబు జేబులో ఫోను మళ్ళీ మోగింది. "నీ కాళ్ళట్టుకుంటాను మామా, ఆ మాటేదో సెప్పీ!"

కాసులమ్మ చూపు గవరయ్య భుజం మీదుగా పోయింది. తలకి గంఛా తువ్వాలు చుట్టుకున్న ఓ ముసలాయన టీకొచ్చి వెనకాల నిలబడ్డాడు. ఆమె నవ్వు బిగబట్టుకుని, "నిమాయి అనే కదా అన్నావు?" అంది.

"నిమాయే! నడుం మీద సేతులేసి, ఆడి కళ్ళల్లోకి సూసి, 'ఏటి!' అన్నాను. మళ్ళీ 'ఏటి!' అంతే. మరి జన్మలో కూకోనేదు."

"కూర్చున్నాను దాదా," అన్నాడు వెనకాయన. "మూడు దినాలు. ఇంట్లో."

గవరయ్య కాళ్ళు బల్ల దిగాయి.

"నువ్వు ఏటి, ఏటి అంటివి. మా బంగ్లా భాషలో ఏటి అంటే 'ఇదిగో ఇది'. పక్కన బస్తా ఉండె. అదే ఎత్తమన్నావని ఎత్తినాను." నిమాయి టీ ఊదుకున్నాడు. "నా చెప్పు తెగింది. వ్యాగను ఇనుము కాలిపోతుండె. అందుకే కూర్చుంటిని. ఒట్టి కాళ్ళతో మోసినాను, బొబ్బలు. మీ ఏటి అంటే ఏమైందని అడగడమని తర్వాత తెలిసె. అడిగితివి సరే దాదా, జవాబు వినకుండా పోతివి."

మధుబాబు లేచాడు.

"ఎక్కడికిరా? జనరల్ మేనేజరు నాకు దండేసిన ముక్క ఇంకా రానేదు!"

"హారూ దాదాని అడిగి, వినొస్తాను మామా."

షెడ్డులో మధుబాబు హారూ పక్కన నేలమీద కూర్చుని, ఏమైందని అడిగాడు. హారూ ముందు మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి చేతులూపుతూ మొదలెట్టాడు. చెప్పి చెప్పి, వ్యాగనుకీ షెడ్డుకీ మధ్య నడవడానికి వేసిన చెక్క వైపు వేలు చూపించాడు. మధుబాబు దానిమీద కాలేసి నొక్కాడు. నడిమికి ఫెళ్ళుమని విరిగింది. ఆ ముక్కల్ని అవతలికి విసిరేసి, గోడకి ఆనించిన కొత్త చెక్కకి ఒక కొస తనే ఎత్తాడు. రెండో కొస హారూ పట్టుకున్నాడు.

"సూసేరా!" గవరయ్య మళ్ళీ కాళ్ళు పైకి మడిచాడు. "నా మాట పట్టుకునే ఎల్లేడు!"

కాసులమ్మ ఖాళీ గ్లాసు తీసుకుంటూ అంది: "నేదు బావా. ఇక్కడే ఒగ్గీసి ఎల్లేడు."