బోర్డు మీది చివరి మాట

అది 1960 ఎండాకాలం. గూడూరులో బ్యాంకు మూతపడిన మర్నాడు, బిడ్డను చంకనేసుకున్న ఒకామె, నిమ్మకాయల వ్యాపారి ఒకాయన ఆ తలుపు ముందు నిలబడి ఉన్నారు.

“తాళం తీస్తారా అన్నా?”

“ఇంకేం తీస్తారమ్మా! నా నిమ్మకాయల డబ్బంతా లోపలే ఉండిపోయింది. నీదెంత ఉంటుందిలే.”

“వీడి కంట్లో పువ్వు తీయించాలని దాచింది. వచ్చే వారం మద్రాసు పోవాల.”

“అయ్యో! ఎవరిని అడిగి వేసినావు?”

“బోర్డు నేనే చదివినా. అయిదో క్లాసు దాకా పోయినా గదా. పేరు చివర లిమిటెడ్ అని ఉంటే, బి.ఎ. మాదిరి సర్కారు ఇచ్చిన బిరుదేమో, గట్టి బ్యాంకే అనుకున్నా.”

“బిరుదు కాదు తల్లీ. బ్యాంకు మునిగితే యజమానులకు వాళ్ల వాటా వరకే నష్టం, వాళ్ల ఇల్లూ వాకిలీ జోలికి ఎవరూ పోలేరని దానర్థం. రిజర్వు బ్యాంకు జాబితాలో ఉందని చెప్పే షెడ్యూల్డ్ అనే మాట ఉందా అని చూడాల్సింది. నాకూ నిన్న మూతపడినాకనే ప్లీడరు చెప్పినాడు.”

ఆమె తలెత్తి బోర్డును మళ్లీ కూడబలుక్కుంది. ఆ మాట ఎక్కడా లేదు.

“మీ ఆయన ఏమన్నాడు?”

“ఇంకా తెలియదన్నా. వేసేనాడు, ‘చదువుకున్నదానివి, నువ్వు చూస్తే చాల్లే’ అన్నాడు. ఇప్పుడు లిమిటెడ్ అంటే ఏందో ఆయనకు నేనే చెప్పాల.”