ఆర్విల్ ఆపిన వరద

అన్యాయం జరిగింది మేవిస్‌కి, 1938 మార్చిలో. హాలీవుడ్‌లో ఆనకట్ట తెగే ప్రేమ సినిమా ఒకటి తీస్తూ, హీరోయిన్ బదులు నీళ్లలో దూకే పని ఆమెకిచ్చి, తెల్లారేసరికి లాక్కున్నారు. ఆడదానికేమైనా అయితే పత్రికలు ఊరుకోవట! ఎవడో మగవాడికి విగ్గు పెట్టి దూకించారు. ఆ ఊళ్లో అది మామూలే.

ఏడాది తిరిగింది. స్టూడియో గేటు ఎదురుగా కాఫీ కొట్టులో, భూకంపం సినిమాకి దూకేవాళ్లని ఏరుకునే గస్ కూర్చున్నాడు. అదే పని కోసం వచ్చిన ఆర్విల్ టాకెట్ అతని చెవి దగ్గర కోతలు కోస్తున్నాడు. పక్క స్టూలు మీద మేవిస్ కాఫీ కలుపుకుంటోంది. ఈ పని కూడా తప్పిపోతే తట్టాబుట్టా సర్దుకుని ఇంటికి, కాన్సస్ బస్సెక్కడమే.

"పోయినేడు ఆ ఆనకట్ట సినిమాలో మొదట నా పని తాడు పట్టుకోడమే గస్ గారూ. హీరో నీళ్లు చూసి కొయ్యబారిపోయాడు. సర్లే అని నేనే హీరోయిన్ని భుజానేసుకుని దిగా. పైనుంచి తొట్ల నీళ్లు వదిలారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు మోకాలైనా తడవలా! ఇవి చాలవని చెప్పా. కొండల్లోంచి నిజం వరదే దిగొచ్చింది."

"పిలిస్తే వచ్చిందా?" అన్నాడు గస్.

"ఈలేశా! చర్చి కొట్టుకొచ్చింది, గంట మోగుతూనే ఉంది, లోపల పాస్టరు పెళ్లి చేస్తూనే ఉన్నాడు. డైరెక్టర్ కట్ అని అరిస్తే వరద వింటేనా! నేనరిచా. టక్కున ఆగింది. ఇంకోసారి తీద్దామన్నాడు మహానుభావుడు. ఏం చేస్తాం, నీళ్లన్నీ మళ్లీ కొండెక్కించా."

"హీరోయిన్ ఏమంది?" చెంచా ఆపకుండా అడిగింది మేవిస్.

"ఏమంటుంది, అల మీదే ముద్దు పెట్టేసింది! పెళ్లాడమని ఒకటే ఏడుపు. ఇంకాస్తలో ఒడ్డు, అప్పుడే ఆ పాడు గౌను కాళ్లకి చుట్టుకుని బొక్కబోర్లా..."

"ఎవరి కాళ్లకి?"

"నా కాళ్లకే, ఇంకెవరి..."

వంటవాడు అట్లకాడ ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"నీలం గౌను," అంది మేవిస్ నెమ్మదిగా. "నా కొలతకి కుట్టింది. నీ పొట్ట పట్టక పక్క కుట్లన్నీ విప్పారు. విగ్గు పెట్టుకున్న నిన్ను భుజానేసుకుని దిగినవాడు ఇప్పటికీ నడుముకి పట్టీ కట్టుకునే తిరుగుతున్నాడు ఆర్విల్."

గస్ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. "అమ్మాయ్, కూలే మేడమీంచి దూకుతావా?"

"గౌను నా కొలతకే కుట్టిస్తే."

కుట్టించాడు. దూకింది. రెండోసారి తియ్యాల్సిన అవసరమే రాలేదు. ఆ రోజు 1939 మే 9, మంగళవారం.