పంటు తాగిన డీజిలు

ప్రసన్నా, బాలాజీ, మీరు పెరిగిన సూరత్‌లో ఈ కథ చెప్పేవాళ్ళు లేరు. మీ అమ్మకి కూడా సగమే తెలుసు. అందుకని విన్నది విన్నట్టు చెబుతున్నాను. ఇందులో పెంచి చెప్పిందంతా మన కోడూరు గోవర్ధనరావే, నేను కాదు.

అప్పటికి పులిగడ్డ దగ్గర రేపల్లె వైపుకి కృష్ణ మీద వంతెన లేదు. మనుషులైనా, గేదెలైనా, కార్లయినా బల్లకట్టు లాంటి పంటు ఎక్కి ఏరు దాటాల్సిందే. బందరుకి మాత్రం రోడ్డుంది. తుఫాను వస్తోందని రేడియోలో చెబుతున్నారు. ప్రసన్నా, నువ్వు అమ్మ కడుపులో అడ్డం తిరిగి ఉన్నావు. నీళ్ళు రోడ్డెక్కకముందే బందరు ఆసుపత్రికి తీసుకొచ్చేయమన్నారు డాక్టరమ్మ గారు. అవనిగడ్డ బంకులో పెట్రోలు అయిపోయింది. కోడూరులో కదిలే కారు గోవర్ధనరావుది ఒక్కటే. ఆఖరి బస్సుకి ఇంకా కాస్త టైముంది గానీ, ఆ కుదుపులకి భయపడి, కారు అడుగుదామని అతను కూర్చునే గంగాదేవి గారి టీ కొట్టుకి వెళ్ళాను.

"ట్యాంకులో ఎంతుంది బావా?" అన్నాను.

"మూడు లీటర్లుంది, నువ్వు ముందు కూర్చో. కంపెనీ వాడు లీటరుకు ఇరవై రెండు కిలోమీటర్లని కాగితం మీద రాశాడు. నాకెందుకు అబద్ధం, నా చేతికి ఇరవై మూడు వస్తుంది, అంతే."

"కాగితం మీద గోతులుండవు కదండీ," అన్నాడు చేపల బుట్ట దించుకుని టీ తాగుతున్న యలమంద.

"గోతులుంటేనే మంచిది యలమందా. గోతిలోకి బండి తనంతట తనే దిగుతుంది, అక్కడ పెట్రోలు మిగులుతుంది. దిగిన ఊపుకి పైకెక్కేస్తుంది, అక్కడా మిగులుతుంది. మొన్న గుడివాడ నుంచి వస్తుంటే పామర్రు దాటినా పెట్రోలు ముల్లు కదల్లేదు. పాడైందేమోనని వేలితో ఒకటి కొట్టాను, పైకి లేచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదురుగా సముద్రపు గాలి, మూత సందులోంచి ట్యాంకులోకి దూరేసరికి, లోపల పెట్రోలు కల్లు పొంగినట్టు పొంగింది. చల్లపల్లిలో ఆపి, గొట్టం పెట్టి లాగి, బంకు వాడికే పోసొచ్చాను. వాడు దండం పెట్టి, అయ్యా, ఇంకెప్పుడూ ఈ దారిన రాకండి అన్నాడు."

"కంపెనీ వాళ్ళకి తెలియలేదా మరి?" అన్నాడు యలమంద.

"తెలియకేం, మద్రాసు నుంచి ముగ్గురొచ్చారు. బానెట్ ఎత్తి చూశారు. పెద్దాయన ఏడ్చేశాడు."

"ఎందుకూ?"

"ఇన్నాళ్ళూ కాగితం మీద తక్కువ రాసుకున్నామే అని."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పడమటి గాలి మళ్ళి తూర్పు నుంచి కొడుతోంది, కొట్టు మీద తాటాకులు లేస్తున్నాయి. మూడు లీటర్లకి ఇరవై రెండు చొప్పున అరవై ఆరు. బందరు యాభై పైమాట. కాగితం నిజమైతే చేరతాం. సగమే నిజమైతే, చేల మధ్య, వానలో, మీ అమ్మ.

"బావా, ఎక్కేది కడుపుతో ఉన్న సుమతి," అన్నాను. "నువ్వు నిజంగా ఎప్పుడైనా కొలిచావా?"

"కొలవకుండా మాట్లాడతానా? పోయిన నెల రేపల్లె నుంచి మనూరొచ్చాను. రోడ్డు మీద, బెజవాడ చుట్టి, ఎంత దూరమో కండక్టర్నడుగు. నూట యాభై. రెండు లీటర్లు కాలింది. లీటరుకు డెబ్బై అయిదు. ఇంకేం కావాలి?"

నూట యాభై అనగానే నా గుండె కాస్త కుదుటపడింది. లేచి ఇంటికి వెళ్ళబోయాను, మీ అమ్మని సిద్ధం చేద్దామని.

"కాస్త ఆగు బాబూ," అన్నారు గంగాదేవి గారు, టీ వడకడుతూనే. "అబ్బాయ్ గోవర్ధనం, ఆ రోజు రేపల్లె పంటు మీద నీ కారు బానెట్ ఎక్కించిన కోళ్ళ గంప నాదే. నువ్వు లోపల నోరు తెరిచి నిద్రపోతున్నావు. బెజవాడ ఎప్పుడు చుట్టావు?"

గోవర్ధనరావు గ్లాసు కింద పెట్టాడు.

"ఏరంతా మోసింది పంటు. పులిగడ్డ రేవులో గట్టెక్కించింది మేము, తోసి. మరి ఆ పంటు తాగిన డీజిలు ఎవరి లెక్కలో వేశావురా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ నా వంకే చూస్తున్నారు. గోవర్ధనరావు గొంతు తగ్గించి, ఆ సాయంత్రానికి ఒకే ఒక్క నిజం చెప్పాడు.

"లీటరుకు పది దాటదు బావా. బస్సుకే తీసుకెళ్ళు."

అతనే కారులో మీ అమ్మని బస్టాండు దాకా దించి, కారు సీటు మీది దూది పరుపు పీకి బస్సు సీటులో వేశాడు. కుదుపుకుదుపుకీ నా ప్రాణం పోయింది గానీ, నీళ్ళు రోడ్డెక్కకముందే బందరు చేరాం. ప్రసన్నా, నువ్వు అక్కడే పుట్టావు. తర్వాత చూడ్డానికొచ్చినప్పుడు, ఆ బస్సు తన పరుపు మహిమ వల్లే డీజిలు లేకుండా నడిచిందని చెప్పాడు గోవర్ధనరావు. నేను కాదనలేదు.

రేపు మీ పిల్లలకి మీరూ ఈ కథ చెప్పండి. ముల్లుని ఎంత పైకి లేపినా, ఎంతమందిని ఏడిపించినా మీ ఇష్టం. పంటుని మాత్రం లెక్కలోంచి వదిలేయకండి.